మూడో కూత ఎవరిది?



ఇవాళ టీవీలో వచ్చే వంటల పోటీల గురించి మాట్లాడమన్నారు. రేడియోలో కూర్చుని టీవీ సంగతులు చెప్పడమంటే పుట్టింట్లో కూర్చుని అత్తారింటి ముచ్చట్లు చెప్పుకోవడం లాంటిదే. కారం కాస్త ఎక్కువైతే మీరే సర్దుకోండి.

ఈ పోటీలు చూడనివాళ్లు తక్కువ. పెద్ద హాలు, వరసగా పొయ్యిబల్లలు, ఏప్రన్లు కట్టుకుని గుండె చిక్కబట్టుకున్న మనుషులు, గోడ మీద వెనక్కి నడిచే గడియారం. "ఇంక పదే నిమిషాలు" అని ఎవరో కేకేస్తారు. ఎవరి చేతిలోంచో గరిటె జారుతుంది. మనం ఇంట్లో కంచంలో పప్పుచారు కలుపుకుంటూ, "అయ్యో, ఆ ఉల్లిపాయ మాడుతోంది, కలపవేం తల్లీ" అని టీవీని కసురుకుంటాం. తినబోతూ రుచులెందుకని సామెత. టీవీ ముందు మనకు తినబోయేదేమీ లేదు కాబట్టి గంటసేపూ రుచులే అడుగుతాం.

అలాంటి వంటింట్లోకి నేనొకసారి వెళ్లాను. మా మేనల్లుడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, కొన్నాళ్లు ఒక వంటల కార్యక్రమానికి సరుకుల గది చూసుకున్నాడు. వాళ్లు దాన్ని పాంట్రీ అంటారు. ఏ కార్యక్రమం, ఏ ఛానెల్ అని అడక్కండి. "అత్తా, రోజూ టీవీ ముందు కూర్చుని అందర్నీ తిడతావు గదా, ఒక్కరోజు వచ్చి చూడు" అన్నాడు. సరేనని వెళ్లాను. హైదరాబాదు శివార్లలో ఓ పెద్ద రేకుల షెడ్డు. బయటి నుంచి చూస్తే ధాన్యం గోదామే. లోపల మాత్రం పెళ్లివారిల్లు.

గుమ్మంలోనే ఒక కుర్రాడు ఆపాడు. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర బొచ్చు తొడిగిన మైకు. నా మొహం కూడా చూడలేదు, చేతులు చూశాడు. "అమ్మా, గాజులు" అన్నాడు. మట్టిగాజులు ఒకదానికొకటి తగిలితే ఆ చప్పుడు మైకులో గుడిగంటలా వినిపిస్తుందట. పోటీకి వచ్చినవాళ్ల చేత కూడా తీయించేస్తారట. తీయడం ఇష్టంలేనివాళ్లు మోచేతి దాకా ఎగదోసి రబ్బరుబ్యాండు వేసుకుంటారు. టీవీలో వాళ్ల చేతుల్ని ఎన్నిసార్లు చూశానో, ఆ రబ్బరుబ్యాండు ఒక్కసారీ కంటపడలేదు. నేను గాజుల్ని కొంగుతో చుట్టి పట్టుకుని లోపలికి నడిచాను.

వాసన కోసం ముక్కు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఎనిమిది పొయ్యిల మీద వంట జరుగుతుంటే ఘుమఘుమలు రోడ్డు దాకా రావాలి గదా. అవేవీ లేవు. ఎనిమిది రకాల మసాలాలు కలిసి ఏ వాసనా కాకుండా పోయాయి. నన్ను ముందు పట్టుకున్నది చప్పుడు. ఫ్రిజ్‌ల గుయ్యిమనే మోత, ఎక్కడో మిక్సీ, ఎక్కడో కొబ్బరి కొడుతున్న దెబ్బలు, నెత్తి మీద స్పీకర్లో ఎవరిదో గొంతు. షాట్ మొదలవగానే ఏసీ ఆపేస్తారు, మైకులకు అడ్డమని. పది నిమిషాల్లో దీపాల వేడికి ఆ షెడ్డు ఆవిరి మీద పెట్టిన ఇడ్లీ పాత్ర అయిపోతుంది.

వంట కళ్లతో చేస్తామనుకుంటాం గానీ, సగం వంట చెవులతోనే. ఆవాలు చిటపటలాడటం మొదలైందంటే చెయ్యి దానంతటదే జీలకర్ర డబ్బా మీదికి పోతుంది. పెనం మీద నీళ్లు చిలకరిస్తే వచ్చే సుయ్‌మనే చప్పుడు చాలు, దోసె పొయ్యాలా ఇంకాసేపు ఆగాలా తెలియడానికి. గారె నూనెలో పడగానే పెద్ద గొంతుతో గోల చేస్తుంది. వేగేకొద్దీ లోపలి తడి ఆవిరై పోతుంటుంది గనక గొంతు తగ్గుతుంది. ఎక్కడ తగ్గిందో అక్కడ తీయాలి. మా అమ్మ హాల్లో చాట ముందు కూర్చుని బియ్యం ఏరుకుంటూనే, "నూనె కాగకుండా వేశావేమే ఆవాలు, ఏడుస్తున్నాయవి" అనేది. తల కూడా ఎత్తేది కాదు.

ఆ రోజు స్టూడియోలో నాకు తట్టిందేమిటంటే, ఆ పోటీ వంటింట్లో అడుగుపెట్టిన మనిషి ముందుగా పోగొట్టుకునేది చెవులు. తర్వాతే మిగతావన్నీ.

చూసిందే చెబుతాను. ఎనిమిది మందిలో ఐదుగురు కుక్కర్ పెట్టారు. గంటలో మాంసం ఉడకాలంటే వేరే దారి లేదు. కుక్కర్లో ఒత్తిడి వల్ల నీళ్లు వంద దగ్గర ఆగకుండా దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, గంటన్నర పని అరగంటలో అవుతుంది. కానీ మన ఇళ్లలో కుక్కర్‌కి గడియారం ఎవరు చూస్తారు? కూతలు లెక్కపెడతాం. పప్పుకిన్ని, శనగలకిన్ని, ఎవరింటి లెక్క వారిది. గోదావరి జిల్లా మాటతీరున్న ఒకావిడ నాటుకోడి పెట్టింది. మొదటి కూత వచ్చింది. తలెత్తి చూసి, వేలు మడిచింది. ఇంతలో యాంకరమ్మ వచ్చి, "ఏం వండుతున్నారండీ, ఈ వంట మీకెవరు నేర్పారు" అని మొదలుపెట్టింది. ఈవిడ వాళ్ల నాయనమ్మ గురించి చెబుతోంది. ఆ రెండు నిమిషాల్లో హాల్లో నాలుగు కూతలొచ్చాయి. యాంకరమ్మ వెళ్లగానే పక్క బల్ల అబ్బాయిని అడిగింది: "తమ్ముడూ, ఇందాకటిది నాదా, నీదా?" "మీదేననుకుంటానక్కా, నాది ఇంకా మూడో కూత రాలేదు" అన్నాడతను. "అయితే మూడోది ఎవరిది?" అందావిడ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మూత తీసేసరికి కోడి రబ్బరు చెప్పులా ఉంది.

ఆ ఎపిసోడ్ రెండు నెలల తర్వాత టీవీలో వచ్చింది. ఆవిడ కుక్కర్ వంక అలా చూస్తూ నిలబడ్డ షాటుకు డోలు మోత కలిపారు. టైమ్ లెక్క తప్పిందని తేల్చారు. ఆవిడ లెక్క తప్పలేదు, నాకు తెలుసు. ఆ మాట మా ఇంట్లో అంటే మా ఆయన, "నువ్వు పక్కన నిలబడి లెక్కపెట్టావా" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆరో ఏడో దాకా వచ్చి లెక్క జారింది.

ఇంకో సంగతి పోపు గరిటెది. ఆ స్టూడియోలో మంటలు వద్దని గ్యాసు బదులు ఇండక్షన్ పొయ్యిలు పెట్టారు. ఇండక్షన్ పొయ్యి పాత్రను అయస్కాంతంతో గుర్తుపడుతుంది. అడుగున ఇనుము లాంటి లోహం ఉంటేనే వేడెక్కిస్తుంది. సత్తు గిన్నె పెడితే పలకదు, మట్టి కుండా రాచ్చిప్పా పెడితే అసలే పలకదు. అడుగు బాగా చిన్నదైతే ఇనుమైనా సరే, పాత్ర లేనట్టే లెక్క. కరీంనగర్ నుంచి వచ్చానని చెప్పిన ఒకమ్మాయి చివరి నాలుగు నిమిషాల్లో పప్పులో పోపు పెట్టబోయి గరిటె పొయ్యి మీద పెట్టింది. పొయ్యి కీచుమని అరిచి, ఏదో ఎర్ర అంకె చూపించి, ఆరిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ అదే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మాట వింటున్న గరిటె ఆ రోజు మాట వినలేదు. చివరికి వెడల్పాటి మూకుడు పెట్టి, దాన్ని ఓ పక్కకు వంచి, ఆ మూలలో రెండు చెంచాల నూనె పోగుచేసి పోపు వేసింది. మూకుడు వంచితే పొయ్యి కనెక్షన్ తెగుతుంది, దించితే నూనె పరుచుకుపోతుంది. ఏ థ్రిల్లర్ సినిమానీ నేను ఆ నాలుగు నిమిషాలంత ఊపిరి బిగబట్టి చూసి ఉండను. అది మాత్రం టీవీలో రాలేదు. అప్పుడు కెమెరాలన్నీ వేరే బల్ల దగ్గర ఏడుస్తున్న అబ్బాయి మీద ఉన్నాయి.

ఇదంతా ఎక్కడ మొదలైంది? వెనక్కి వెళితే పోటీ లేని ఒక వంటిల్లు కనిపిస్తుంది. అమెరికాలో బోస్టన్ దగ్గర డబ్ల్యూజీబీహెచ్ అనే టీవీ కేంద్రం. దాని స్టూడియో 1961లో తగలబడిపోయింది. అందుకని జూలియా చైల్డ్ అనే ఆరడుగుల రెండంగుళాల ఆవిడ ఫ్రెంచి వంటల కార్యక్రమాన్ని కరెంటు కంపెనీ వాళ్లు జనానికి పొయ్యిలు చూపించే వంటింట్లో తీశారు. 1963 ఫిబ్రవరి 11న మొదటిది ప్రసారమైంది. అప్పట్లో టేపు కోసి అతకడం ఖరీదైన పని. అందుకని మొదలుపెడితే ఆఖరి దాకా ఆపకుండా తీసేవాళ్లు. బల్ల కింద సహాయకులు గొంతుక్కూర్చుని, ఆవిడ వాడిన గిన్నెల్ని కిందికి లాక్కుని కొత్తవి అందించేవాళ్లు. పైన దొరసాని, కింద దొంగచేతులు. బంగాళాదుంప అట్టు తిప్పబోయి సగం పొయ్యి బల్ల మీద పడేసుకుంటే, తీసి మళ్లీ పెనంలో వేసి, వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరు చూడొచ్చారన్నట్టు చెప్పింది. తర్వాత జనం నోట ఆ అట్టు కాస్తా నేల మీద పడ్డ కోడి అయిపోయింది. కోడి ఎప్పుడూ పడలేదు. ఆ కార్యక్రమంలో వెన్న చిటపట, మూత పడ్డ చప్పుడు, ఆవిడ ఆయాసం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వినిపిస్తాయి.

వంటింటిని స్టేడియం చేసినవాళ్లు జపాన్ వాళ్లు. ఫూజీ టీవీలో 1993లో మొదలై 1999 దాకా నడిచిన ఐరన్ షెఫ్. దాని సెట్‌కి కిచెన్ స్టేడియం అనే పేరు. కాగా తకేషి అనే నటుడు జరీ కోటు వేసుకుని, పచ్చి పసుపురంగు బెంగళూరు మిరపకాయను కరకరా కొరుకుతాడు, అక్కడ మొదలు. ఒక సరుకు ప్రకటిస్తారు, గంట టైమ్. నాకు అందులో నచ్చింది వంట కాదు, కామెంటరీ. పైన ఇద్దరు కూర్చుని చెబుతుంటే, కింద ఒక విలేకరి పొయ్యిల మధ్య పరుగెత్తుతూ "ఫుకుయ్ సాన్" అని పైనున్న కామెంటరీ ఆయన్ని పిలిచి మధ్యలో దూరి, ఆ గిన్నెలో ఏం పడిందో ఊపిరాడకుండా చెప్పేవాడు. వంటను చూపిస్తూ కూడా వాళ్లు దాన్ని నోటితో చెప్పాల్సి వచ్చింది. రేడియోలో క్రికెట్ విన్న తరానికి ఆ ఊపు చెప్పక్కర్లేదు.

దీనికి అమెరికాలో కూడా ఒక రూపం వచ్చింది. రహస్య సరుకు అని అంత హంగామా చేసేవారా, వంటవాళ్లకు ముందే ఓ చిన్న జాబితా ఇచ్చేవారు, ఇందులో ఏదో ఒకటని. ఒక్కోదానికి ఏమేం కావాలో వాళ్లు చీటీ రాసి ఇచ్చేవారు. మోసం అని కోపం తెచ్చుకోకండి. మా మేనల్లుడి గది చూశాక నాకు ఆ కోపం పోయింది. ఎనిమిది మంది వంటవాళ్ల కోసం కరివేపాకు దగ్గర్నుంచి ఎండు రొయ్యల దాకా తాజాగా, సమంగా, ఒకరి వాటా ఇంకొకరికి పోకుండా పెట్టడమంటే పెళ్లి సరంజామాకి తక్కువేం కాదు. "అత్తా, కొత్తిమీర కట్ట ఒకరికి పెద్దదొస్తే ఇంకొకరు గొడవ పెట్టుకుంటారు" అన్నాడు. ప్రతి కట్టా తూకం వేయడం కళ్లారా చూశాను.

ఐరన్ షెఫ్ కన్నా ముందే, బ్రిటన్ సినిమా దర్శకుడు ఫ్రాంక్ రాడమ్ ఆలోచనతో 1990లో బీబీసీలో మాస్టర్‌షెఫ్ వచ్చింది. హోటల్ వంటవాళ్లు కాదు, ఇంట్లో వండుకునేవాళ్ల పోటీ. 2009లో ఆస్ట్రేలియా వాళ్లు దాన్ని పట్టుకుని రోజువారీ సీరియల్‌లా మార్చారు, మనకొచ్చిన అలవాటు ఆ దారిలోదే. 2010లో హిందీలో అక్షయ్ కుమార్‌తో మొదలైంది. లక్నో బడి టీచరు పంకజ్ భదౌరియా గెలిచింది. తెలుగులో 2021లో జెమినీ టీవీలో తమన్నాతో వచ్చింది. సంజయ్ తుమ్మ, చలపతిరావు లాంటి మనకు తెలిసిన వంటవాళ్లు తీర్పరులుగా కూర్చున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు గదా, ఇంట గెలిచినవాళ్లే వీళ్లంతా. రచ్చకొచ్చాక అక్కడి పొయ్యి వేరు, గిన్నె వేరు.

ఇంగ్లండులో జరిగే బేకింగ్ పోటీ సంగతి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. ది గ్రేట్ బ్రిటిష్ బేకాఫ్. 2010 ఆగస్టులో మొదలైంది. స్టూడియో కాదు, పచ్చిక మీద వేసిన పెద్ద తెల్ల గుడారం. 2014 నుంచి ఎక్కువ ఏళ్లు బెర్క్‌షైర్‌లోని వెల్‌ఫర్డ్ పార్క్ అనే తోటలో తీశారు. ఒక్కో ఎపిసోడ్‌ని రెండు రోజులు తీస్తారు. రెండు రోజులూ పోటీదారులు అవే బట్టలు వేసుకోవాలి, చూసేవాళ్లకి ఒక్కరోజులా కనిపించాలని. చెమటతో నానిన చొక్కా మర్నాడు మళ్లీ తొడుక్కోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పొయ్యిల్లో తేడా ఉందని ఎవరూ అనకుండా ముందే ప్రతి ఓవెన్‌లోనూ ఒక్కో విక్టోరియా స్పాంజ్ కేకు పెట్టి చూస్తారు. అన్నీ ఒకేలా పొంగితేనే పోటీ. కేకు ముక్క చూసి మీకు నోరూరుతున్నప్పుడు, పోటీలో లేని కేకులు ఓ వరస అప్పటికే పుట్టి ఉంటాయన్నమాట.

కేకుకి చప్పుడుండదు. పోపులా పిలవదు, కుక్కర్‌లా కూయదు. అందుకే ఆ పోటీలో మనుషులు ఓవెన్ అద్దం ముందు నేల మీద చతికిలబడి, దేవుడి గదిలో కూర్చున్నట్టు లోపలికి చూస్తూ ఉంటారు. చప్పుడంతా పైనుంచే. వాన పడితే గుడారం గుడ్డ మీద చినుకుల మోతకి మాట వినిపించదు. ఎండ కాస్తే ఇంకా అన్యాయం. 2014లో ఐస్‌క్రీమ్ మీద గుడ్డుతెల్లసొన నురుగు కప్పి కాల్చే బేక్డ్ అలాస్కా చేయమన్నారు. అదీ ఎండరోజున. ఒక పోటీదారుడి ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ బయట ఉండిపోయింది, కరిగింది, అతను తిక్కతో మొత్తాన్ని చెత్తబుట్టలో పడేసి, తీర్పు దగ్గరికి ఆ బుట్టనే పట్టుకెళ్లాడు. దేశమంతా రెండు వర్గాలై కొట్టుకుంది. బీబీసీకి, ప్రసారాల నియంత్రణ సంస్థకి వందల ఫిర్యాదులు. ఐస్‌క్రీమ్ గురించి! మనం ఆవకాయ గురించి గొడవ పడతామే, అలాగే.

అదే గుడారంలో ఒక ముచ్చట నాకు చాలా ఇష్టం. అప్పటి యాంకర్లు మెల్, స్యూ ఇద్దరూ హాస్యనటులు. ఎవరైనా పోటీదారు ఏడుపు ఆపుకోలేకపోతే, వీళ్లు పరుగెత్తుకెళ్లి పక్కన నిలబడి నోటికొచ్చిన బూతులు మాట్లాడేవాళ్లట. ఆ బూతుతో ఆ టేపు ప్రసారానికి పనికిరాదు, ఏడుపు ఇంట్లోవాళ్లు చూడరు. కెమెరాను చేత్తో మూయలేరు గనక మైకును బూతుతో మూశారు. స్యూ పెర్కిన్స్ తర్వాత తనే ఈ సంగతి చెప్పింది.

ఇక గడియారం ఆగాక ఏం జరుగుతుంది? "చేతులు పైకి" అనగానే మనకు పాట వస్తుంది, ప్రకటన వస్తుంది, తిరిగొచ్చేసరికి తీర్పు. అక్కడ మాత్రం గంటలు గడుస్తాయి. గడియారం నిజమేనా అని మా వాణ్ని అడిగాను. "నిజమే అత్తా, గంటంటే గంటే. కాకపోతే అది మొదలవడానికి ముందు గంటన్నర, ఆగాక రెండు గంటలు ఎవరి లెక్కలోకీ రావు" అన్నాడు. దీపాలు మార్చాలి, కెమెరాలు జరపాలి, బల్లలు తుడవాలి, పళ్లేలను ఒక్కొక్కటే తిరిగే పీట మీద పెట్టి ఫోటోలు తీసినట్టు తీయాలి. దాన్ని బ్యూటీ షాట్ అంటారు. ఆ రెండు గంటల్లో ఉప్మా ఇటుకవుతుంది, పూరీ అప్పడమవుతుంది, గ్రేవీ మీద పొర కడుతుంది. ఆ తర్వాత తీర్పరి చెంచా తీసుకుని కళ్లు మూసుకుని "అద్భుతం" అంటాడు.

అయితే వాళ్లు నాలుక లేనివాళ్లేం కాదు. వంట జరుగుతుండగా తీర్పరులు బల్లల మధ్య తిరుగుతూ కబుర్లాడుతుంటారే, అసలు రుచి చూడటం అప్పుడే. పొయ్యి మీద నుంచి వేడివేడిగా ఒక చెంచా. ఆస్ట్రేలియా తీర్పరులు ఈ సంగతి బాహాటంగానే చెప్పారు. తీర్పు అక్కడే సగం అయిపోతుంది; చివర్లో చల్లారిన పళ్లెం ముందు జరిగేది చదివి వినిపించడం. కంచంలో అన్నం పెట్టి "వేడి తగ్గకముందే రండి" అని పదిసార్లు పిలిచే ఇళ్లలో పుట్టినవాళ్లం మనం. మనకి ఈ చివరి తంతు చూస్తుంటే చెయ్యి తీటగా ఉంటుంది.

ఇంత చేసినా పళ్లెంలో ఉన్నది మాత్రం వండినదే. ప్రకటనల్లో అలా కాదు. 1970 ప్రాంతంలో అమెరికాలో క్యాంప్‌బెల్ సూపు ప్రకటన కోసం గిన్నె అడుగున గాజుగోళీలు వేసి, కూరముక్కలు పైకి తేలేలా చేశారని ప్రభుత్వ సంస్థ పట్టుకుంది. పోటీల విషయంలో అక్కడ భయం ఇంకా పాతది. 1950లలో క్విజ్ పోటీల్లో జవాబులు ముందే చెప్పేసిన బాగోతం బయటపడ్డాక, 1960లో అలాంటి మోసం నేరమని చట్టం చేశారు. అప్పటి నుంచి టీవీ పోటీ అంటే పక్కన కెమెరాకు చిక్కకుండా ఒకరు నిలబడి, అందరికీ సమానంగా టైమ్ ఇచ్చారా లేదా అని చూసుకోవడం మామూలైంది. మా వాడి స్టూడియోలో కూడా ఒకాయన ఉన్నాడు, ఎవరితోనూ మాట్లాడడు. టీ తాగుతూ కూడా వాచీ చూసుకుంటాడు.

ఇంకో చిత్రం. పోటీదారులు మధ్యమధ్యలో కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని మాట్లాడతారు చూశారా? "ఇప్పుడు చింతపండు రసం పోస్తున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది" అని. అది వంట అయిన తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత, మళ్లీ అవే బట్టలు వేయించి తీస్తారు. పులుసు ఎప్పుడో చెడిపోయి ఉంటుంది. "పోశాను" అని నోటికొస్తే ఆపి, "పోస్తున్నాను అనండి" అంటారు. నాటుకోడి ఆవిడ చేత ఆ రోజు అలాగే చెప్పిస్తున్నారు. "మూడో కూత వచ్చింది, ఆపేస్తున్నాను" అనమన్నారు. ఆవిడ మొదటిసారి, "వచ్చిందో లేదో నాకు తెలీదండీ" అంది. రెండోసారీ అదే అంది. మూడోసారి అడిగినట్టు చెప్పింది.

మిగిలిన తిండి ఏమవుతుందని మీకు సందేహం రావచ్చు. మా వాడి దగ్గర లైట్ బాయ్‌లు, డ్రైవర్లు ముందే చెంచాలు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు. తీర్పు అవ్వగానే పళ్లెం బల్ల దాటేలోపు ఖాళీ. అంట్లు తోమడానికి వెనక రేకుల పందిట్లో ముగ్గురు ఆడవాళ్లున్నారు. ఒక్కో రౌండుకీ మూకుళ్లు, కుక్కర్లు, గరిటెలు అన్నీ తోమి, ఆరబెట్టి, ముందే తీసి పెట్టుకున్న ఫోటోలో ఉన్న చోటే ఉన్న తీరునే పెట్టాలి. కెమెరాకి తేడా తెలియకూడదు. మాడిన మూకుడు ఏ బల్లదో గిన్నె చూసి చెప్పగలిగినవాళ్లు ఆ స్టూడియోలో వాళ్లు ముగ్గురే. పచ్చడి మాడిందని తీర్పరులు అనకముందే వాళ్లకి తెలుసు.

సాయంత్రం ఏడు దాటాక అన్నీ అయ్యాయనుకుని నేను బయల్దేరబోతే, గుమ్మం దగ్గరి ఆ హెడ్‌ఫోన్ల కుర్రాడు మధ్యలోకొచ్చి, "రూమ్ టోన్, ముప్పై సెకన్లు, ఎవరూ కదలకండి" అన్నాడు. ఎడిటింగ్‌లో ఎక్కడైనా మాట కోస్తే అక్కడ గొయ్యి పడుతుందట. ఆ గొయ్యిలో పోయడానికి ఆ గది నిశ్శబ్దాన్నే రికార్డు చేసుకుంటారు. ప్రతి గది నిశ్శబ్దం వేరట. రేడియోలో ముప్పై సెకన్లు మౌనంగా ఉంటే నా ఉద్యోగం పోతుంది. అక్కడ దానికి జీతం ఇస్తున్నారు.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. యాంకరమ్మ ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని నిలబడింది. మా వాడు కొత్తిమీర కట్టతో. నాటుకోడి ఆవిడ ఏప్రన్ ముడి సగం విప్పి. నేను గాజుల్ని మళ్లీ కొంగులో చుట్టుకున్నాను. ఫ్రిజ్‌లు కట్టేశారు. మొదటిసారి ఆ షెడ్డులో వంటింటి చప్పుడు వినపడింది: చల్లారుతున్న మూకుడు టక్కుమన్నది, ఎక్కడో పంపు చుక్క పడ్డది.

ఇరవై దాటి ఉంటుంది. ఆ చివర ఎవరి బల్ల మీదో, పొయ్యి ఆపేశారనుకున్న కుక్కర్ ఒకటి సన్నగా, తీరిగ్గా, కూత వేసింది.

ఆ కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి అందరి వంకా చూశాడు. ఎవరూ నాది అనలేదు. "మళ్లీ తీద్దాం" అన్నాడు.